జారని వాళ్ళకే పతకం

ఫోను మోగేసరికి హైమ వంటింట్లో కొత్త స్టీలు డబ్బాలు తుడుస్తోంది. పెళ్ళికి ఎవరో బంధువులు వాటి మీద ‘హైమ – వంశీధర్’ అని చెక్కించి మరీ ఇచ్చారు. కందిపప్పు డబ్బా తుడిచినా, మెంతుల డబ్బా తుడిచినా ఆ రెండు పేర్లూ పక్కపక్కనే కనిపించి ఆమెకు నవ్వొస్తుంది. పెళ్ళయి నెల తిరగలేదు. ఆ రోజుల్లో మనిషికి ఇంగువ డబ్బా కూడా ముద్దొస్తుంది.

“హైమా! లీవు ఇవ్వలేదు!” అన్నాడు వంశీధర్ అటునుంచి.

“ఇవ్వకపోతే అంత సంబరం దేనికండీ?”

“లీవు ఇవ్వకుండానే పంపుతున్నారు. డ్యూటీ మీద! నిన్ను కూడా తీసుకెళ్ళొచ్చంట. హిమాలయాలకి. టిక్కెట్లు, బస, భోజనం అన్నీ ఆఫీసువే.”

హైమ చేతిలోని డబ్బా మూత పెద్ద చప్పుడుతో గచ్చు మీద పడి, గుండ్రంగా తిరిగి తిరిగి ఆగింది. ఆ తర్వాత ఆమె వేసిన కేకకు కింది వాటాలోంచి ఇంటి ఓనరు సుభద్రమ్మగారు “ఏంటమ్మాయ్, బల్లి పడిందా?” అని అరిచింది.

“బల్లి కాదు పిన్నిగారూ, మంచు!” అంది హైమ.

ఆమె పుట్టిందీ పెరిగిందీ కాకినాడలోనే. కాకినాడ అప్పడంలా ఉంటుంది. ఊళ్ళో కాస్త ఎత్తయినదేదైనా ఉందంటే అది కాలవ మీది వంతెన. చిన్నప్పుడు నాన్న సైకిలు వెనక కూర్చుని ఆ వంతెన దిగుతుంటే కడుపులో ఒక చిన్న గిలిగింత పుట్టేది. అలాంటిదే ఇంకాస్త పెద్దది, ఇంకాస్త చల్లటిది, మొగుడి పక్కన నిలబడి ఒక్కసారి అనుభవించాలని ఆమె కోరిక. ఫ్రిజ్‌లో గీరిన మంచు తప్ప వేరే మంచు ఆమె ఎరగదు.

ఈ అదృష్టం ఎలా పట్టిందంటే, వంశీధర్ ప్రమాద నివారణ మండలిలో జూనియర్ అసిస్టెంటు. ప్రమాదాలు జరగకుండా చూడటం ఆ మండలి పని. ఆఫీసు గుమ్మంలోనే ‘మెట్లు ఉన్నవి, జాగ్రత్త’ అని బోర్డు ఉంటుంది. ఆ బోర్డు తగిలి ఇద్దరికి తల బొప్పి కట్టాక ‘బోర్డు ఉన్నది, జాగ్రత్త’ అని దాని ముందు ఇంకో బోర్డు వేలాడదీశారు. ఆ ఏడు దేశంలోని ఆఫీసులన్నిటికీ కలిపి ఒక క్రీడోత్సవం పెట్టారు. మండలిలో ఏ ఆట ఎంచుకోవాలో చీటీలు తియ్యడానికి శుభముహూర్తం కుదిరేలోపు మిగతా ఆఫీసులు కేరమ్స్, చదరంగం, తాడులాగుడు ఎగరేసుకుపోయాయి. మిగిలింది ఒక్కటే: ‘డౌన్‌హిల్ స్కీ రేసు’. సరిగ్గా ఆ రోజే సూపరింటెండెంటు గంగరాజుగారి బల్ల మీదికి వంశీధర్ సెలవు దరఖాస్తు వచ్చింది. కారణం దగ్గర ‘మంచు చూచుటకు’ అని రాసి ఉంది.

గంగరాజుగారు సెలవు నిరాకరించి, కింద ఇలా రాశారు: ‘ఈ ఉద్యోగికి మంచుతో పరిచయమునకు ఆసక్తి కలదు. భార్య పేరు హైమ. కావున ఇతనికి మించిన క్రీడాకారుడు కార్యాలయమున లేడు.’

ఆ సాయంత్రం వంశీధర్ గొట్టం కాజాలు పట్టుకొచ్చాడు. పాకం బట్టకు కారుతుందని ఇద్దరూ గిన్నె మీదికి వంగి తింటూ, ఒకళ్ళ ముక్కు మీది పాకం చూసి ఒకళ్ళు నవ్వుకున్నారు. అప్పుడు గుర్తొచ్చి అడిగింది హైమ.

“ఇంతకీ స్కీ రేసంటే ఏం చెయ్యాలండీ?”

“ఏముంది, రెండు కాళ్ళకీ రెండు పొడుగాటి చెక్కలు కట్టుకుని మంచు కొండ మీంచి కిందికి జారటమే. జారటం ఎవరికి రాదు చెప్పు?”

ఫోనులో ఒక వీడియో పెట్టుకున్నారు. తలకు హెల్మెట్టు పెట్టుకున్న మనిషి ఒకడు కొండ అంచున వంగి నిలబడ్డాడు. గంట కొట్టగానే దూకాడు. హైమ కాజా కొరకటం మానేసింది. రాజమండ్రి ఎక్స్‌ప్రెస్ బస్సు కూడా అంత వేగంగా పోదు. ఆ మనిషి గాలిలోకి లేచాడు, దిగాడు, మలుపు తిరిగాడు, ఇంకో మలుపు దగ్గర మాత్రం తిరగలేదు. ఒక చెక్క ఇటు, ఒక చెక్క అటు, మధ్యలో మనిషి చాకలి మూటలా దొర్లుకుంటూ పోయి వలలో పడ్డాడు. వెంటనే పైన హెలికాప్టరు కనిపించింది.

“ఆ హెలికాప్టరు ఎందుకండీ?”

“పడ్డవాళ్ళని ఎత్తుకెళ్ళడానికి.”

“అంత తొందరగా ఎలా వచ్చింది?”

వంశీధర్ గొంతు కాస్త తగ్గింది. “ముందే తెచ్చి పెట్టుకుంటారనుకుంటా.”

ఆ తర్వాత వరసగా నాలుగైదు వీడియోలు చూశారు. మోకాలి చిప్పల గురించి ఒక డాక్టరు చాలా ఉత్సాహంగా చెప్పాడు. వంశీధర్ తన మోకాళ్ళకేసి చూసుకున్నాడు. హైమ కూడా వాటికేసే చూసింది. పెళ్ళిపీటల మీద తన పక్కన మడత పెట్టుకు కూర్చున్న మోకాళ్ళవి. ఆమెకు మంచూ కావాలి, మోకాళ్ళూ కావాలి.

“నేను అడుగుతానండీ మీ ఆఫీసులో. మనం వెళ్దాం, మీరు రేసులో మటుకు నెమ్మదిగా దిగేట్టు చూడమని.”

అడగక్కర్లేకుండా వాళ్ళే పిలిచారు. ఎందుకంటే మండలి డైరెక్టరు పట్టాభిరామారావుగారికి కూడా ఆ వీడియోలు ఎవరో చూపించారు. ప్రమాద నివారణ మండలి మనిషికే ప్రమాదం జరిగితే ఏమైనా ఉందా? పోనీ, పేరు వెనక్కి తీసుకుందామంటే క్రీడాస్ఫూర్తి లేదంటారు. అందుకని ఆయన ఒక ఉపసంఘం వేసి, ‘క్రీడాకారుని కుటుంబ సభ్యుల భయాందోళనల స్వీకరణ’ అని సమావేశం పెట్టించారు. కుటుంబ సభ్యులంటే హైమ ఒక్కతే. ఆమె పెళ్ళి పట్టుచీర కట్టుకుని వెళ్ళింది. ఇంకెప్పుడు కడుతుంది మరి?

“నిస్సంకోచముగా చెప్పమ్మా,” అన్నారు డైరెక్టరుగారు. “నీ భయమును మండలి అధికారికముగా స్వీకరించును.”

“వేగం ఎక్కువండీ. అదొక్కటే నా భయం. మంచి హెల్మెట్టు ఇప్పించి, నేర్పే మాస్టారిని పెట్టిస్తే...”

“హెల్మెట్టు పైపూత మందు తల్లీ. మండలి రోగమును మూలము నుండి పెరుకును. వేగము ఎచ్చటి నుండి పుట్టుచున్నది?”

హైమ డిగ్రీలో ఫిజిక్సు చదివింది. జవాబు తెలిసిన ప్రశ్న అడిగితే ఊరుకోవటం ఆమె వల్ల కాదు. “వాలు నుంచండి. ఏటవాలు ఎంత ఎక్కువైతే అంత వేగం,” అంది.

డైరెక్టరుగారు గంగరాజుగారి వంక చూశారు. గంగరాజుగారు “మరేనండి, వాలే దొంగండి,” అని రాసుకున్నారు.

“వాలు ఒక్కటేనా?”

“ఘర్షణ కూడా ఉండాలండీ. మంచు మీద ఘర్షణ తక్కువ కాబట్టి జారతాం.”

“అనగా మంచు కూడా దోషియే!” డైరెక్టరుగారు కుర్చీలోంచి లేచారు. “చూచితిరా గంగరాజుగారూ! ఇన్నేళ్ళుగా ప్రపంచ దేశాలు ఆసుపత్రులు కట్టినవి, హెలికాప్టర్లు కొన్నవి. వాలునూ మంచునూ ఎవ్వరూ ప్రశ్నింపలేదు!”

“ఎవడికి తడుతుందండి తమరికి తప్ప.”

హైమకు ఎక్కడో చిన్న అనుమానం వచ్చింది కానీ, అప్పటికే ఆమెకు శాలువా కప్పారు.

ఇంటికొచ్చాక సుభద్రమ్మగారు తన పెట్టె అడుగునుంచి మాసిపోని కోతిటోపీలు రెండు, స్వెట్టర్లు రెండు తీసి ఇచ్చింది. కాశీయాత్రకని కొన్నవి. హైమ ఎర్ర స్వెట్టరు తాను తీసుకుని, గోధుమరంగుది వంశీధర్‌కి తొడిగి, ఫాను కింద నిలబెట్టి ఫోటో తీసింది. అతనికి చెమట్లు కారుతున్నా నవ్వాడు. కొత్త మొగుళ్ళు అన్నిటికీ నవ్వుతారు.

సాధన మొదలైంది. మాస్టారు దొరకలేదు కాబట్టి, ఎప్పుడూ పడని మనిషి అన్న అర్హత మీద గంగరాజుగారే శిక్షకులయ్యారు. వడ్రంగి రెండు టేకు చెక్కలు చిత్రిక పట్టి ఇచ్చాడు. అవి నున్నగా ఉన్నాయని ఉపసంఘం అభ్యంతరం చెబితే, కింద పాత హవాయి చెప్పుల రబ్బరు అతికించారు. కాలవ వంతెన మీద సాధన చేద్దామంటే, వంతెనకు వాలు ఉందని తేలి, ఆ ప్రతిపాదన కొట్టేశారు. చివరికి ఆఫీసు పెరట్లో, స్కూటర్లు పెట్టే చోట వంశీధర్ ఆ చెక్కలు కట్టుకుని బాతులా నడిచేవాడు. మధ్యమధ్య స్పీడు బ్రేకర్లు కట్టారు. అతను రోజూ వాటి మీదే తట్టుకుని పడేవాడు.

“మరి స్పీడు బ్రేకర్లు తీసెయ్యొచ్చు కదండీ?” అని ఒకరోజు అడిగాడు వంశీధర్.

“తీసేత్తే వేగం పెరిగిపోద్ది కదా బాబూ,” అన్నారు గంగరాజుగారు. “పడ్డావంటే ఆగేవన్నమాట. ఆగేవంటే ప్రమాదం లేనట్టే. ఆయ్, లే మరి.”

సాయంత్రాలు హైమ అతని మోకాళ్ళకు కొబ్బరినూనె రాసేది. గీరుకుపోయినా, చిప్పలు చిప్పల్లానే ఉన్నాయి. “పోన్లెండి, ఇలా నడుచుకుంటూ దిగేస్తే చాలు. మీరు చివర రండి, పర్లేదు. రేసు అయిపోయాక మనిద్దరం అక్కడ పిల్లలు ఆడుకునే చిన్న గుట్ట చూసుకుని...” అని మిగతాది అతని చెవిలో చెప్పింది. కొబ్బరినూనె చేత్తోనే సూట్‌కేసు కూడా సర్దేసింది.

అప్పుడు వచ్చింది ఉత్తర్వు.

మండలి తన పద్ధతిని క్రీడోత్సవ కేంద్ర కార్యాలయానికి నివేదించింది. అక్కడి పెద్దలకు ప్రాణం లేచొచ్చింది. దేశంలోని ప్రతి ఆఫీసూ తన గుమాస్తా కాళ్ళ గురించి భయపడి ఉత్తరాలు రాస్తోంది మరి. వెంటనే కాకినాడ పద్ధతిని దేశమంతటికీ వర్తింపజేసి, పోటీ పేరు ‘నిరపాయ అవరోహణ’ అని మార్చారు. వాలు లేకుండా, మంచు లేకుండా జరగాలి కాబట్టి హిమాలయాలు ఆ పోటీకి పనికిరావని తేల్చారు. అన్ని విధాలా అనువైన, బొత్తిగా ఎత్తుపల్లాలు లేని ఊరికోసం దేశపటం వెతికారు.

“కాకినాడ!” అన్నారు డైరెక్టరుగారు, చేతులు జోడించి. “మన కాకినాడ! ఇంత చదునైన ఊరిలో పుట్టుట మన పూర్వజన్మ సుకృతము!”

వంశీధర్ ఇంటికొచ్చి ఆ మాట చెప్పేసరికి హైమ సూట్‌కేసు మీద కూర్చుని జిప్పు బిగిస్తోంది. ఆమె లేచి, జిప్పు తీసి, ఎర్ర స్వెట్టరు బయటికి తీసి మడత సరిగా లేదని మళ్ళీ మడత పెట్టింది.

“డైరెక్టరుగారు అడక్కపోయినా చెప్పేదాన్నేమోనండీ,” అంది. “వాలు అని.”

“నువ్వు నా కాళ్ళు కాపాడావు.”

“కాపాడాను. ఈ కాళ్ళతో ఎక్కడికెళ్తాం? స్కూటర్ల స్టాండుకి.”

అతను నవ్వాడు. ఆమె నవ్వలేదు. పెళ్ళయ్యాక అలా జరగటం అదే మొదలు.

పోటీ రోజు పోలీసు పెరేడ్ గ్రౌండులో షామియానా వేశారు. పన్నెండు రాష్ట్రాల గుమాస్తాలు కాళ్ళకు రబ్బరు అతికించిన చెక్కలు కట్టుకుని ఎండలో వరసగా నిలబడ్డారు. వాళ్ళలో హిమాచల్ నుంచి వచ్చిన బాలక్‌రామ్ ఒక్కడే నిజంగా స్కీ తెలిసిన మనిషి. నడక రాకముందే జారటం వచ్చినవాడు. రెండు రోజులుగా కాకినాడ ఉక్కకు అతని ముఖం ఉడికిన బీట్‌రూట్‌లా అయింది. పోటీకి ముందు అతనికి మజ్జిగ ఇస్తూ హైమ, బళ్ళో నేర్చుకున్న హిందీ అంతా కూడదీసుకుని అడిగింది.

“అన్నా, మీరెప్పుడైనా పడ్డారా?”

“చాలాసార్లు, భాభీజీ.” ఎడమచెయ్యి చూపించాడు. “ఇది ఒకసారి.” భుజం చూపించాడు. “ఇది ఒకసారి. మా బాబాయి కొడుక్కి మోకాలు పోయింది, ఇప్పుడు కుంటుతాడు. రేసు మంచిది కాదు భాభీజీ. ప్రాణం మీదికి తెస్తుంది.”

“మరి ఎందుకు దిగుతారు?”

బాలక్‌రామ్ చెప్పబోయాడు. అరచెయ్యి పైకెత్తి, గాలిలో మెల్లగా కిందికి జార్చాడు. ఆ చెయ్యి దిగుతుంటే అతని ముఖం పదేళ్ళ పిల్లాడి ముఖం అయింది. అంతే, నవ్వేసి మజ్జిగ తాగాడు. హైమకు నాన్న సైకిలు, కాలవ వంతెన, కడుపులో గిలిగింత గుర్తొచ్చాయి.

మైకులో గంగరాజుగారు తుది నిబంధనలు చదివారు. వాలు తీసేశారు, మంచు తీసేశారు, అయినా దూరం ఉన్నంతకాలం అందులో వేగం నక్కి ఉంటుందని ఉపసంఘం ముందురోజే కనిపెట్టింది. కాబట్టి దూరం కూడా రద్దయింది. బయలుదేరే గీత, చేరుకునే గీత ఒక్కటే. అందరూ దాని మీదే నిలబడాలి. ఈల వెయ్యగానే అందరూ గమ్యం చేరినట్టు. ఎవరు ఎక్కువ సురక్షితంగా చేరారన్నది కదలికను బట్టి న్యాయనిర్ణేతలు తేలుస్తారు. కదిలినవాళ్ళు అనర్హులు.

ఈల వేశారు.

ఇద్దరు ఉలిక్కిపడి అక్కడే అనర్హులయ్యారు. ఒకాయన దోమను కొట్టుకుని పోయాడు. ఒకాయనకు తుమ్మొచ్చింది. జనం చప్పట్లు కొడదామనుకున్నారు కానీ, దేనికి కొట్టాలో తెలియక ఊరుకున్నారు. ఎండ ఎక్కింది. బాలక్‌రామ్ కళ్ళు మూసుకున్నాడు. అతని మోకాళ్ళు తమకు తామే కొంచెం వంగాయి, నడుం ముందుకు వాలింది, ఒళ్ళు ఏదో మలుపు తిరుగుతున్నట్టు ఎడమవైపుకు ఒరిగింది. అతను ఎక్కడో ఉన్నాడు, పెరేడ్ గ్రౌండులో మాత్రం లేడు.

“పన్నెండో నంబరు! మనసులో జారుచున్నాడు!” అని డైరెక్టరుగారే స్వయంగా పట్టుకున్నారు. అనర్హుణ్ణి చేశారు. అతను వడదెబ్బ తగిలి కింద పడింది అనర్హుడయ్యాక కాబట్టి, ఆ పడటం పోటీ లెక్కలోకి రాదని కూడా ప్రకటించారు. అంబులెన్సు లేదు. నిరపాయ పోటీకి అంబులెన్సు పిలిస్తే అది మండలికే అవమానం కదా. హైమే పరిగెత్తుకెళ్ళి అతని ముఖం మీద నీళ్ళు చల్లి, పమిట చెంగుతో విసిరింది.

మిగతావాళ్ళంతా ఒక్కొక్కరే కదిలి అనర్హులయ్యారు, వంశీధర్ మాత్రం కదల్లేదు. స్పీడు బ్రేకర్ల మీద పడీ పడీ అతని కాళ్ళు కొయ్యలైపోయాయి. స్వర్ణపతకం అతనికే వచ్చింది.

బహుమతి సభలో డైరెక్టరుగారు పూలదండల్లోంచి తల బయటపెట్టి ఉపన్యసించారు. “ఈ విజయము ఇచ్చటితో ఆగరాదు! కొండలపై ప్రమాదమును జయించితిమి. ఇంక ఊళ్ళలో? మన పార్కులలో పసిబిడ్డలు దేని మీద ఎక్కుచున్నారు? జారుడుబల్ల! అది ఏమి? చిన్నదైన కొండయే! దానికి వాలు కలదు, నునుపు కలదు. కావున రేపటి నుండి ఊరిలోని జారుడుబల్లలన్నిటినీ సమతలము చేయుటకు మండలి తీర్మానించినది. మొదటిది బాలల పార్కులోనిది. దానికి మొదటి సుత్తిదెబ్బ వేయు గౌరవము మన స్వర్ణపతక విజేతకే!”

చప్పట్లు మోగాయి. ఈసారి జనానికి దేనికి కొట్టాలో తెలిసింది. బాలల పార్కు అంటే హైమ వాళ్ళ వీధి చివరదే.

ఇంటికి నడిచి వస్తూ ఇద్దరూ ఆ పార్కు గేటు దగ్గర ఆగారు. జారుడుబల్ల మీద పిల్లలు వరసకట్టి ఉన్నారు. ఒక పిల్ల తలకిందులుగా జారి, ఇసకలో పడి, దులుపుకుని మళ్ళీ మెట్లెక్కుతోంది. వంశీధర్ మెళ్ళో పతకం తీసి జేబులో పెట్టుకున్నాడు.

“ఏవండీ, రేపు వాళ్ళు ఎన్నింటికొస్తారు?”

“మా ఆఫీసువాళ్ళు కదా. కాఫీలు తాగి, కొబ్బరికాయ కోసం ఒకణ్ణి పంపి, సుత్తి ఎక్కడుందో వెతుక్కుని వచ్చేసరికి పదకొండు అవుద్ది.”

“అయితే మనకి బోలెడు టైముంది.” హైమ ముఖంలోకి మళ్ళీ వెలుగొచ్చింది. “రేపు తెల్లారకముందే లేస్తున్నాం. బాలక్‌రామ్ అన్నని కూడా లాడ్జీనుంచి తీసుకొద్దాం, ఎలా వంగాలో చూపిస్తాడు. మీకు గోధుమరంగు స్వెట్టరు, నాకు ఎర్రది.”

“కోతిటోపీలు కూడానా?”

“కోతిటోపీ లేకుండా హనీమూనేంటండీ?” అంది హైమ. “ముందు నేను జారతాను. మీరు కింద నిలబడి పట్టుకోండి. ఆ సుత్తి మటుకు ఆఫీసుకెళ్ళగానే మీరే ఎక్కడైనా దాచెయ్యండి.”